కుక్కకాటు టీకా: దాని శక్తిని పరీక్షించు విధానము

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో నిమ్‌పురా ఒక పేట. సరకుబండ్ల యార్డు, రైల్వే క్వార్టర్లు దాని గుర్తులు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున అనేకము గలవు. ఏ రైల్వే పట్టణమందైనను ఊరకుక్కల సంచారము తప్పదు. రాత్రి డ్యూటీ ముగించుకొని యింటికి వచ్చు కార్మికుని గాని, బడికి పోవు బాలుని గాని కుక్క కరచినచో ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెనని నేడు చాలమందికి తెలియును.

అయినను, నర్సు చేతిలోని ఆ చిన్న సీసాను చూచినప్పుడు కొందరికి ఒక సందేహము కలుగును. ఇందులో నిజముగా శక్తి యున్నదా? ఉన్నదని ఎవరు నిర్ణయించిరి? ఏ విధముగా నిర్ణయించిరి? ఈ ప్రశ్న న్యాయమైనదే. రేబిస్ వ్యాధి లక్షణములు ఒకసారి బయటపడిన పిమ్మట రోగి బ్రతుకుట మిక్కిలి అరుదు. ఆ వ్యాధికి నమ్మదగిన చికిత్స నేటికిని లేదు. కాటు పడిన నాటికిని, లక్షణములు తోచు నాటికిని మధ్యనున్న వ్యవధిలోనే మనుష్యుని రక్షింపవలెను. ఆ వ్యవధిలో బలహీనమైన టీకా వేసినచో, పొరపాటు తెలియునప్పటికి దిద్దుకొను అవకాశము మిగులదు. కావున టీకా శక్తిని రోగి శరీరమునకు చేరకముందే ప్రయోగశాలలో తేల్చుకొనవలసి యున్నది. ఆ విధానములను సామాన్య పాఠకులకు తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. బ్రతికినవారిని లెక్కించిన చాలదా?

"టీకా వేసినవారిలో ఎందరు బ్రతికిరో లెక్కించిన దాని శక్తి తెలియదా?" అని ఎవరైనను అడుగవచ్చును. పూర్వము వైద్యులు అటులనే చేసిరి. కాని ఈ లెక్కలో పెద్ద లోపము గలదు.

కరచిన ప్రతి కుక్కకును రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరచినను, కరువబడిన వారందరికిని వ్యాధి రాదు. దుస్తుల మీదుగా పడిన కాటు వేరు, ముఖముపై పడిన లోతైన కాటు వేరు. గాయమును వెంటనే కడిగినవారు కొందరు, కడుగనివారు కొందరు. ఇట్టి నూరుమందికి మంచినీటిని సూదిగా ఎక్కించినను వారిలో పలువురు బ్రతికియే యుందురు. ఆ బ్రతుకు సూదిమందు ఘనతయని చెప్పుట యెట్లు?

1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్ పర్యవేక్షణలో జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటి టీకా వేయబడినది. రేబిస్ సోకిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి ఆ మందును తయారుచేసిరి. మొత్తము 13 సూదులు వేసిరి. బాలుడు బ్రతికెను. ప్రపంచమంతయు సంతోషించెను. అయినను, టీకా లేకున్నచో ఆ బాలుడు తప్పక మరణించి యుండెడివాడని చెప్పుటకు ఆధారమేమి యని ఆనాడే కొందరు వైద్యులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు అర్ధశతాబ్దము పట్టినది.

2. భారతదేశమున టీకా తయారీ

మన దేశములో మొదటి పాశ్చర్ సంస్థ 1900వ సంవత్సరమున హిమాలయ ప్రాంతమందలి కసౌలీలో వెలసినది. దక్షిణదేశమువారు కుక్క కరచినచో అంతదూరము రైలులో పోవలసి వచ్చెడిది. ప్రయాణములోనే విలువైన దినములు గడచిపోయెడివి. హెన్రీ ఫిప్స్ అను అమెరికా దాత యిచ్చిన ధనసహాయముతో 1907లో నీలగిరులలోని కూనూరున మరియొక పాశ్చర్ సంస్థ ప్రారంభమైనది. పిమ్మట కలకత్తా మొదలగు చోట్ల కూడ ఇట్టి సంస్థలు ఏర్పడినవి.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ క్రొత్త పద్ధతిని కనుగొనెను. గొఱ్ఱె మెదడులో వైరస్‌ను పెంచి, కార్బాలిక్ ఆమ్లముతో దానిని చంపి టీకా తయారుచేయుటయే ఆ పద్ధతి. అది చౌకయైనది, దూరప్రాంతములకు పంపుటకు అనువైనది. అందుచే అనేక దేశములలో వ్యాపించెను. తెలుగువారి పెద్దలు "బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు" అని చెప్పుకొనునది ఈ టీకానే. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కూడ మెదడు టీకాను తయారుచేసెడిది. దానిలోని మెదడు పదార్థము వలన కొందరికి నరములు దెబ్బతిని పక్షవాతము వంటి ఉపద్రవములు కలిగెడివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మానవలెనని సలహా యిచ్చినది. 2005 నాటికి భారతదేశమున దాని వాడుక నిలిచిపోయినది.

నేడు వాడుకలోనున్నవి ప్రయోగశాలలో పెంచిన కణములలో తయారగు టీకాలు. వైరస్‌ను ఆ కణములలో పెంచి, చంపి, శుద్ధిచేసి, పొడిగా ఆరబెట్టి సీసాలలో నింపుదురు. ఉదకమండలము, కూనూరు మొదలగు చోట్ల ఇట్టి టీకాలు తయారైనవి.

3. చిట్టెలుకల పరీక్ష

టీకా శక్తిని అంకెలలో చెప్పు మార్గము 1930 తరువాతి దశకములో దొరకెను. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో లెస్లీ వెబ్‌స్టర్ అను శాస్త్రజ్ఞుడు రేబిస్ పరీక్షలకు తెల్ల చిట్టెలుకలు మిక్కిలి తగినవని చూపెను. ఆనాడు అమ్మకములో నున్న టీకాలను ఈ విధముగా పరీక్షింపగా, అన్నియు ఒకే శక్తి గలవి కావనియు, కొన్ని ఎలుకలను కాపాడలేక పోయినవనియు తేలినది. పైకి అన్ని సీసాలును ఒకే విధముగా నుండెను. వైద్యులు అన్నింటిని ఒకే నమ్మకముతో వాడుచుండిరి.

1940లో కార్ల్ హాబెల్ ఈ పరీక్షకు ఒక నియమిత రూపమిచ్చెను. హాబెల్ పరీక్షలో ఎలుకలన్నింటికిని ఒకే మోతాదు టీకా వేసి, తరువాత వేర్వేరు బలముగల వైరస్‌ను ఎక్కింతురు. టీకా ఎంత వైరస్‌ను ఎదిరింపగలదో దీనివలన తెలియును. ఒక మోతాదు వైరస్ ఎక్కించిన ఎలుకలలో సగము చచ్చినచో, దానిని "సగము చంపు మోతాదు" అందురు. అట్టి మోతాదులు వేయింటిని ఎదిరింపగల టీకానే మంచిదిగా అంగీకరించిరి.

తరువాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఈ పరీక్షను సవరించిరి. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రయోగశాలా గ్రంథమున ఈ సవరించిన పద్ధతి వర్ణింపబడినది. అనేక దేశములు దీనిని ప్రమాణముగా స్వీకరించినవి. దీని క్రమము ఇట్లుండును:

(అ) పరీక్షింపవలసిన టీకాను ఐదేసి రెట్లు పలుచన చేయుచు నాలుగైదు మెట్లుగా సిద్ధపరుతురు. శక్తి ముందుగనే తెలిసిన ప్రమాణ టీకాను కూడ అటులనే పలుచన చేయుదురు.

(ఆ) మూడు, నాలుగు వారముల వయస్సుగల ఎలుకలను గుంపులుగా విడదీయుదురు. ఒక్కొక్క పలుచనకు ఒక్కొక్క గుంపు. గుంపునకు సాధారణముగా 16 ఎలుకలు.

(ఇ) మొదటి దినమున ఒకసారి, వారము దినముల తరువాత మరియొకసారి పొట్టలోనికి టీకా వేయుదురు.

(ఈ) మొదటి సూది నుండి 14 దినములైన పిమ్మట, ప్రాణాంతకమైన రేబిస్ వైరస్‌ను నేరుగా మెదడులోనికి ఎక్కింతురు. టీకా వేయని ఎలుకలకు కూడ దీనిని ఎక్కించి వైరస్ బలమును సరిచూచుకొందురు.

(ఉ) మరి 14 దినములు ఎలుకలను గమనింతురు. మొదటి నాలుగు దినములలో చచ్చినవానిని లెక్కలోనికి తీసికొనరు. ఆ చావు సూది గాయము వంటి ఇతర కారణముల వలన కలిగినది కావచ్చును. అటుపిమ్మట రేబిస్ లక్షణములతో చచ్చినవి ఎన్ని, బ్రతికినవి ఎన్ని యని వ్రాసికొందురు.

ఇచ్చట వాడు వైరస్‌ను గూర్చి ఒక మాట చెప్పవలెను. ఊరిలోని పిచ్చికుక్క లాలాజలములోని వైరస్ ఒక ఎలుకను పది దినములకు, మరియొక దానిని రెండు నెలలకు చంపవచ్చును. అట్టిదానితో కొలత సాధ్యము కాదు. పాశ్చర్ 1882లో రేబిస్ సోకిన ఆవు నుండి తీసిన వైరస్‌ను కుందేళ్ల మెదడులో వరుసగా పెంచగా, అది ఎల్లప్పుడును దాదాపు ఒకే వ్యవధిలో వ్యాధి కలిగించు "స్థిర వైరస్"గా మారెను. నేటి పరీక్షలలో వాడు ప్రమాణ వైరస్ ఆ వైరస్ సంతతిలోనిదే.

4. లెక్క కట్టు రీతి

ప్రతి గుంపులోను ఎలుకలన్నియు బ్రతికినచో గాని, అన్నియు చచ్చినచో గాని శక్తి ఇంతయని తెలియదు. గుంపులో సరిగా సగము ఎలుకలను రక్షించునట్టి పలుచన ఏదో కనుగొనుటయే లెక్కలోని కీలకము.

ఉదాహరణకు, ప్రమాణ టీకాను 100 రెట్లు పలుచన చేసినప్పుడు సగము ఎలుకలు బ్రతికినవనుకొనుడు. క్రొత్త టీకాను 200 రెట్లు పలుచన చేసినను సగము బ్రతికినవి. అనగా క్రొత్త టీకా ప్రమాణ టీకాకు రెండింతలు శక్తిగలది. ప్రమాణ టీకా శక్తి అంతర్జాతీయ యూనిట్లలో ముందుగనే తెలిసియుండును గనుక, క్రొత్తదాని శక్తి కూడ ఆ యూనిట్లలోనే తేలును. బియ్యమును కొలుచునప్పుడు అందరును ఒకే కిలోరాయిని వాడునట్లు, దేశదేశములందలి ప్రయోగశాలలు ఒకే అంతర్జాతీయ ప్రమాణముతో తమ కొలతలను సరిచూచుకొనును.

కండరములోనికి వేయు ఒక్కొక్క మోతాదులో కనీసము 2.5 అంతర్జాతీయ యూనిట్ల శక్తి యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించినది. అంతకు తక్కువైన బ్యాచిని వాడుకకు విడుదల చేయరాదు. మన దేశమున టీకా బ్యాచిల పరీక్షకు కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల నియమింపబడినది.

5. చావని వైరస్ మిగిలినదా?

శక్తి యున్నంత మాత్రమున టీకా మంచిది కాదు. అది నిరపాయము కూడ కావలెను. లోనున్న వైరస్ పూర్తిగా చచ్చినదని నిశ్చయించుకొనుట మరియొక ముఖ్య పరీక్ష.

1960లో బ్రెజిల్ దేశమందలి ఫోర్టలేజా నగరమున దీని ప్రాముఖ్యము దారుణముగా వెల్లడియైనది. అచ్చట వాడిన ఒక మెదడు టీకాలో వైరస్ పూర్తిగా చావకుండెను. ఆ మందు వేయించుకొన్న 66 మందిలో 18 మంది టీకాలోని వైరస్ వలననే రేబిస్ సోకి మరణించిరి. రక్షణకై వచ్చినవారికి రక్షకమే మృత్యువైనది.

నేడు తయారీదారులు వైరస్‌ను చంపిన పిమ్మట దానిని సజీవ కణముల మీద వేసి అనేక దినములు పెంచి చూతురు. ఒక్క వైరస్ కణము మిగిలినను ఆ కాలములో వృద్ధిచెంది కనబడును. కనబడినచో ఆ మందంతయు పారవేయవలసినదే.

6. గాజుపాత్రలలో జరుపు పరీక్షలు

చిట్టెలుకల పరీక్షలో కొన్ని చిక్కులు గలవు. ఒక్క పరీక్షకు ముందువెనుక నాలుగు వారములు పట్టును. నూరుకు పైగా ఎలుకలు కావలెను; అందులో పెక్కు బాధపడి చచ్చును. సజీవ రేబిస్ వైరస్‌ను సూదితో ఎక్కించు పనివారికి కూడ ప్రమాదమున్నది. పైగా ఫలితము ఒకసారి ఉన్నట్లు మరియొకసారి ఉండదు. గణనలో తేలిన అంకె యొక్క విశ్వాస పరిమితులు ఆ అంకెలో నాలుగవ వంతు మొదలు నాలుగు రెట్ల వరకు ఉన్నను పరీక్షను అంగీకరించుచున్నారు. ఇంత సడలింపు అవసరమైన కొలతబద్ద మిక్కిలి సూక్ష్మమైనది కాదని చెప్పనక్కరలేదు.

అందుచే శాస్త్రజ్ఞులు ఇతర మార్గములను వెదకిరి. రేబిస్ వైరస్ పైపొరపై ముండ్లవలె నిలిచియుండు ఒక మాంసకృత్తు గలదు. మన శరీరము గుర్తించి, ఎదురు నిలుచు పదార్థములను తయారుచేయునది ముఖ్యముగా దీనిని చూచియే. టీకాలో ఈ ముండ్ల మాంసకృత్తు ఎంతయున్నది, దాని ఆకృతి చెడక యున్నదా యని ఎలీసా అను పద్ధతితో కొలువవచ్చును. సరియైన ఆకృతిని మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకములను ప్లాస్టిక్ పలకపై అంటించి, వానిపై టీకాను పోయుదురు. చెడని మాంసకృత్తు అంటుకొనును. చెడినది కడిగినప్పుడు పోవును. మిగిలినదానికి రంగు కలుగజేసి, రంగు గాఢతనుబట్టి లెక్కింతురు. దీనికి వారములు పట్టదు, ఎలుకలు అక్కరలేదు. చిట్టెలుకల పరీక్షకు బదులుగా దీనిని నిలుపుటకు అనేక దేశములు ప్రయత్నించుచున్నవి.

టీకా వేసిన పిమ్మట మనుష్యుని రక్తమును పరీక్షించు పద్ధతి వేరొకటి యున్నది. 1973లో అమెరికాలో స్మిత్, యాగర్, బేర్ అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. రక్తము నుండి తీసిన సీరమును సజీవ వైరస్‌తో కలిపి, ఆ మిశ్రమమును కణములపై పోయుదురు. సీరములో ప్రతిరక్షకములు చాలినంత యున్నచో వైరస్ కణములలో ప్రవేశింపజాలదు. లేనిచో ప్రవేశించును, మరునాడు ప్రత్యేకమైన రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు సోకిన కణములు ఆకుపచ్చని వెలుగుతో మెరయును. సీరము మిల్లీలీటరునకు 0.5 అంతర్జాతీయ యూనిట్ల ప్రతిరక్షకములు ఉన్నచో శరీరము టీకాకు చక్కగా స్పందించినదని భావింతురు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో ఈ పరీక్ష జరుగును. కుక్క కరచిన ప్రతివారికిని దీని అవసరము లేదు. విధి ప్రకారము టీకా వేయించుకొన్న ఆరోగ్యవంతులలో ప్రతిరక్షకములు తగినంతగా కలుగునని అనుభవమున తేలియున్నది.

7. ప్రయోగశాల దాటిన పిమ్మట

పరీక్షలో నెగ్గిన సీసా అదే శక్తితో రోగికి చేరునా యనునది తరువాతి ప్రశ్న. నీలగిరులలో తయారైన టీకా ఖరగ్‌పూర్ చేరవలెనన్న మండుటెండలో చాల దూరము ప్రయాణింపవలెను. దారి పొడవునను, ఆసుపత్రిలోను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో దానిని ఉంచవలెను. గడ్డకట్టనీయరాదు.

మార్గమధ్యమున కొంత వేడి తగులుట సంభవమే గనుక, దీనికిని ఒక పరీక్ష గలదు. పొడి టీకా సీసాలను 37 డిగ్రీల వేడిలో నాలుగు వారములుంచి, తరువాత మరల శక్తిని కొలుతురు. అప్పటికిని 2.5 యూనిట్లకు తగ్గరాదు. ఇది అనుకోని వేడికి రక్షణ మాత్రమే. సీసాలను బల్లపై వదలివేయుటకు అనుమతి కాదు. వేడికి శక్తి కోల్పోయిన టీకా కంటికి మారినట్లు కనబడకపోవచ్చును. రంగు, వాసన చూచి దాని శక్తిని నిర్ణయింపలేము.

చర్మములోనికి కొద్ది మోతాదున వేయు పద్ధతికి మన దేశమున 2006లో అనుమతి లభించినది. ఈ పద్ధతిలో ఒక సీసా పలువురకు సరిపోవును. బీదవారికి ఇది గొప్ప మేలు. అయితే ఆ ఒక్క సీసా బలహీనమైనచో పలువురి రక్షణ ఒకేసారి తగ్గిపోవును. కలిపిన మందును చల్లగా నుంచి 6 నుండి 8 గంటలలో ముగించి, మిగిలినది పారవేయవలెను.

8. టీకా శక్తికి తోడు కావలసినవి

ఎంత శక్తిగల టీకాయైనను వేసిన వెంటనే రక్షింపజాలదు. శరీరము ప్రతిరక్షకములను తయారుచేసికొనుటకు వారము నుండి పది దినములు పట్టును. తలపై, ముఖముపై పడిన లోతైన గాయములలో వైరస్ అంతకాలము ఆగకపోవచ్చును. ఆ లోటును సిద్ధముగా నున్న ప్రతిరక్షకముల సీరము పూరించును.

1954లో ఇరాన్ దేశమున ఒక పిచ్చితోడేలు ఒక గ్రామముపై బడి 29 మందిని కరచెను. తలపై గాయములు తగిలినవారు 18 మంది. అందులో టీకాతోపాటు సీరము కూడ పొందిన 13 మందిలో ఒక్కరే మరణించిరి. టీకా మాత్రమే పొందిన ఐదుగురిలో ముగ్గురు మరణించిరి. నాటినుండి తీవ్రమైన గాయములకు సీరము తప్పనిసరియైనది. 1970 తరువాతి సంవత్సరములలో ఆ దేశముననే రేబిస్ జంతువులు తీవ్రముగా కరచిన 45 మందికి కణములలో పెంచిన క్రొత్త టీకాను సీరముతో కలిపి యిచ్చిరి. వారందరును బ్రతికిరి. ప్రయోగశాలలో కొలిచిన శక్తికి మనుష్యులలో లభించిన బలమైన సాక్ష్యము ఇది.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. కాటు పడిన వెంటనే గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు.

2. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రక్తము వచ్చిన గాయమైనచో సీరము విషయము డాక్టరుగారిని అడుగవలెను.

3. కండరములోనికి వేయు టీకా మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 14, 28 దినములందు వేయుదురు. చర్మములోనికైనచో 0, 3, 7, 28 దినములందు రెండేసి చోట్ల వేయుదురు. రెండు సూదులతో గాయము మానినదని తక్కినవి మానరాదు. గాయము మానుట వేరు, వైరస్ నశించుట వేరు.

4. టీకాను బజారులో కొన్నచో మంచుగడ్డల పెట్టెలో తీసికొనిపోవలెను. గడువు తేదీని చూడవలెను, బిల్లును భద్రపరచవలెను.

5. పెంపుడు కుక్కలకు ప్రతి సంవత్సరము టీకా వేయింపవలెను.

కుక్కల మూలమున మనుష్యులు రేబిస్ వలన మరణించుటను 2030 నాటికి అంతమొందింపవలెనని భారత ప్రభుత్వము 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. శక్తి తేల్చిన టీకా అందుకు ఒక సాధనము. ప్రయోగశాల తన వంతు పనిని సీసాను విడుదల చేయు నాటికి ముగించును. ఆ శక్తి నిలుచునట్లు దానిని చల్లగా కాపాడుట రవాణాదారుల, ఆసుపత్రివారి బాధ్యత; గాయమును కడిగి, సకాలమున వచ్చి, సూదులన్నింటిని పూర్తిగా వేయించుకొనుట ప్రజల బాధ్యత.